ఎండల మల్లన్న, తేలినీలాపురపు ఆడపడుచులు

ఇంటికి చుట్టము వచ్చినప్పుడు చూపదగిన స్థలములు కొన్ని ప్రతి జిల్లాకును ఉండును. శ్రీకాకుళము జిల్లాకు వచ్చినవారిని అరసవిల్లికిని, శ్రీకూర్మమునకును, ముఖలింగమునకును, శాలిహుండమునకును తీసికొని పోవుట మనకు పరిపాటి. ఇవి శాసనములకెక్కిన స్థలములు. పండితులు వీనినిగూర్చి గ్రంథములు వ్రాసినారు. ప్రభుత్వమువారు పలకలు నాటినారు. ఇక పలాస మొదలు టెక్కలి వరకు, రైలు మార్గమునకును సముద్రమునకును నడుమ పరచుకొనియున్న ఉద్దానపు నేలలో చూడవలసినదేమి యని అడిగినచో, అక్కడివారే కొంతసేపు తడుముకొందురు. కొబ్బరిచెట్లు, జీడితోటలు, ఇసుక, సముద్రము అని చెప్పి ఊరకుందురు.

ప్రాచీన చరిత్రలో ఈ ప్రాంతమునకు చోటు లేకపోలేదు. నాలుగవ శతాబ్దమున సముద్రగుప్తుడు సాగించిన దక్షిణ దిగ్విజయమును హరిషేణుడు అలహాబాదు స్తంభముపై వర్ణించుచు, కొట్టూరమునకు చెందిన స్వామిదత్తుని పేరు చెప్పినాడు. ఆ కొట్టూరము మహేంద్రగిరి చెంతనున్న యొక కొత్తూరని పండితులు పలువురు తలంచినారు. మహేంద్రగిరి మాకు ఉత్తరమున నున్నది. కొత్తూరులకు ఈ సీమలో కొదవ లేదు. వజ్రపుకొత్తూరువారు మాత్రము ఆ కీర్తికై పోటీకి దిగలేదు. పేరులోనున్న వజ్రమునే వెదకనివారు స్వామిదత్తుని వెదకుదురా! రాజుల చరిత్ర మా ఊరిమీదుగా నడచిపోయినదేమో గాని, ఆగినట్లు కనబడదు. ఇక్కడ ఆగి నిలిచినది మరియొక చరిత్ర. ఉప్పుతోను, బురదతోను, ఇసుకతోను, ఎండతోను ఇక్కడి ప్రజలు కుదుర్చుకొనిన ఒడంబడికల చరిత్ర అది. దానికి శాసనములు లేవు. చూడబోయినవారికి అది మొదట వింతగా మాత్రమే తోచును.

గత పుష్యమాసమున మా మేనత్తగారు ఖరగపూరునుండి వచ్చిరి. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అచ్చట కర్మాగారము పెట్టిన నాటినుండి ఈ జిల్లాలోని కుటుంబములు అనేకము పనికై పోయి అక్కడనే స్థిరపడినవి. తెలుగు పేటలు, తెలుగు బడులు ఏర్పడినవి. మా మేనత్తగారు పూండినుండి ఆ రైలు ఊరికి కోడలై పోయి యాబది యేండ్లు దాటినది. నాలుగైదేండ్లకొకమారు వచ్చి, నాలుగు రోజులుండి, మామిడితాండ్రయు జీడిపప్పును మూటగట్టుకొని పోవుట ఆమెకు అలవాటు. ఈమారు ఆమె ముందుగనే హెచ్చరించిరి: “గుళ్ళన్నీ సూసీసినాను. ఇంతవరకూ సూడందేటైనా ఉంటే సూపించండ్రా.” ఒక పగటికి ఆటో కుదుర్చుకొని, పులిహోర గిన్నెతో మేమందరము బయలుదేరితిమి.

ఉద్దానమనునది ఉద్యానమను మాటకు వాడుకరూపము. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ ఒకదాని నీడలో ఒకటి పెరుగు తోటలివి. వీనిలో జీడిమామిడి మన చెట్టు కాదు. పోర్చుగీసువారు 16వ శతాబ్దమున బ్రెజిలు దేశమునుండి పడమటి తీరమునకు తెచ్చినది. మనవారు ఆ చెట్టును చూచి, దాని పండు మామిడి జాతిదనియు, గింజలోని నూనె చాకలివారు బట్టలకు గుర్తుపెట్టు జీడిగింజలోని నూనెవలెనే చర్మమును కాల్చుననియు గ్రహించి, రెండును కలిపి జీడిమామిడి యనిరి. నేటి వృక్షశాస్త్రజ్ఞులు ఈ మూడింటిని ఒకే కుటుంబమున చేర్చుచున్నారు. పేరు పెట్టిన రైతునకు ఆ శాస్త్రము తెలియదు. అతని చేతికి తెలిసినది. ఈనాడును పలాస కాశీబుగ్గల పిక్కల బట్టీలలో పనిచేయు స్త్రీల వ్రేళ్ళను చూచినవారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తెల్లని పప్పు మన పాయసములో పడుటకు ముందు ఎన్ని చేతులను నల్లచేసినదో!

దారిలో మేనత్తగారు ఒక మాట అడిగిరి. తోటలలో కొబ్బరిచెట్లన్నియు ఇంచుమించు ఒకే ఎత్తున ఎందుకున్నవి? కారణము 2018 అక్టోబరు 11. ఆనాటి తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరముననే నేలకెక్కినది. తాతలు నాటిన కొబ్బరులు, తండ్రులు పెంచిన జీడితోటలు ఒక్క పూటలో పడిపోయినవి. ఇప్పుడు కనబడుచున్నవి అటుపిమ్మట నాటినవి. నడుమనడుమ ఒంటరిగా నిలిచిన పొడుగుచెట్టు ఆనాడు గాలికి తలవంచి బ్రతికినది. కొబ్బరి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లలో ఎందరు యువకులు విశాఖకును, హైదరాబాదునకును, సముద్రముల కావలికిని కూలికై పోయినారో ఇక్కడి ప్రతి ఇంటివారును చెప్పగలరు.

నువ్వలరేవు ఈ మండలములోనిదే. సముద్రపు ఒడ్డున నున్న పెద్ద ఊరు. అచ్చట నివసించువారు కేవిటి కులస్థులు. కైవర్తుడను సంస్కృతపదమే కేవటుడై, కేవుటుడై, కేవిటియైనది. రామలక్ష్మణులను గంగ దాటించిన పడవవాని పేరు ఈ తీరమున ఇంకను బ్రతికియున్నది. ఈ ఊరి విశేషము పెండ్లి. ఇక్కడ ఒక్కొక్క ఇంట ఒక్కొక్కప్పుడు పెండ్లి జరుగదు. రెండు మూడేండ్లకొకమారు పెద్దలు కూడి ముహూర్తము నిశ్చయింతురు. ఈడు వచ్చిన వధూవరులకెల్ల ఒకేసారి వివాహములు జరుగును. సంబంధములు చాలవరకు ఊరిలోనివే. పేర్లన్నియు ఒకే శుభలేఖలో అచ్చువేయుదురు. వరుడు వధువు మెడలో సూత్రము కట్టుటయే గాక, వధువును వరుని మెడలో కట్టును. ఇది నేటి సమానత్వవాదులు నేర్పినది కాదు. వారి తాతలనాటి ఆచారము.

మేము పోయిననాడు పెండ్లి లేదు. వలలు బాగుచేసికొనుచున్న మగవారును, ఎండుచేపలు తిరుగవేయుచున్న ఆడువారును ఉన్నారు. “ఒక్క నాడు ఇన్ని పెళ్ళిళ్ళయితే వొంటలెవులు సేస్తారు? తినీవోలెవులు?” అని మేనత్తగారు ఒక ముసలమ్మను అడిగిరి. “అందరూ పెళ్ళోరే. ఎవులింటికీ ఎవులూ సుట్టం గాదు” అని ఆమె నవ్వినది. పెండ్లి వంటి ఖర్చులోనే ఇంటికిని ఇంటికిని హెచ్చుతగ్గులు బయటపడును. వేటకు పోయిన పడవ తిరిగి వచ్చునో రాదో తెలియని బ్రతుకులో, ఒకరి దర్పము మరియొకరికి అప్పు కాకుండ చూచుకొనుట ఊరికంతటికిని అవసరమైయుండును. అందరును ఒకే పందిరివంటి ఊరిలో ఒకేనాడు పెండ్లి చేసికొన్నచో గొప్ప చూపుటకు తావెక్కడిది? ఈ ఆచారమును వింతయని పత్రికలవారు ఫోటోలు తీసికొని పోవుచుందురు. మాకు అది వింతకంటె లెక్కగా తోచినది, తెలివైన లెక్క.

అచ్చటినుండి నౌపడకు వచ్చితిమి. నౌపడ యనగానే ఉప్పు. సముద్రపు నీటిని కాలువలగుండ మడులలోనికి రప్పించి, ఒక మడినుండి మరియొక మడికి దింపుచు, ఎండకు చిక్కబరచి, చివరి మడిలో తెల్లని పలుకులు కట్టగా పోగుచేయుదురు. పుష్యమాఘములలో మొదలైన పని వానలు పడువరకు సాగును. ఉప్పు అమ్మకము కుంఫిణీవారి కాలమున 1805లో మద్రాసు రాజధానియందు సర్కారు గుత్తయైనది. నాటినుండి ఉప్పు కొఠార్లకు కావలివారు, కొలతలు, తాళములు ఏర్పడినవి. 1930లో ఉప్పు సత్యాగ్రహమునాడు ఈ ప్రాంతమువారి చూపు నౌపడ కొఠార్లమీద నిలుచుటకు కారణమిదే. తమ ఎండలో తమ నీరు ఎండి ఉప్పైనప్పుడు, దానిని తాకుట నేరమనుట వారికి ఎట్లు మింగుడుపడును?

మేనత్తగారికి ఇక్కడ చూడవలసినది ఉప్పు కాదు, చిన్నబండి. కాని చిన్నబండి లేదు. దాని కథ కొంచెము విపులముగా చెప్పదగినది. 1893 మొదలు 1896 వరకు విజయవాడనుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము వేయబడినది. ఆ మార్గము పర్లాకిమిడిని తాకక నౌపడమీదుగా పోయినది. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవుగారు తమ రాజధానికి రైలు లేకపోవుటను సహింపలేదు. తామే వేయించుటకు పూనుకొనిరి. 1898లో పని ఆరంభమైనది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలపై, దాదాపు 25 మైళ్ళు, సుమారు 7 లక్షల రూపాయల వ్యయముతో వేసిన ఆ మార్గమున 1900 ఏప్రిల్ 1న బండి నడచినది. మొదటి ఏండ్లలో నష్టమే. 1910 తరువాత కొంచెము లాభము కనబడినది; 1924–25 తరువాత అది పెరిగినది. ఆ ధైర్యముతో మార్గమును 1929లోను, 1931లోను రెండు దఫాలుగా గుణుపురము వరకు పొడిగించిరి. తీరమునుండి ఉప్పు మీదికి పోయినది. కొండలనుండి అడవిసరకు క్రిందికి వచ్చినది. పూర్వము ఎడ్లమీద పెరికెలు వేసికొని నడచిన దారినే ఇంజిను నడచినది.

1936లో ఒడిశా రాష్ట్రము వేరుపడినప్పుడు పర్లాకిమిడి పట్టణము అటు పోయినది, టెక్కలి, నౌపడ ఇటు నిలిచినవి. అదియు ఏప్రిల్ 1వ తేదీయే యగుట కేవలము కాకతాళీయము. రాజుగారి ఇంటికి వేసిన పట్టాలు నాటినుండి రెండు రాష్ట్రముల సరిహద్దును దాటి పోవలసివచ్చినది. బండికి మాత్రము సరిహద్దు తెలియలేదు. సంతకు పోవు ఒరియావారును, పెండ్లికి పోవు తెలుగువారును అందులో ఒకే బల్లపై కూర్చుండిరి. దాని వేగమునుగూర్చి ఎన్ని హాస్యములు పుట్టినవో లెక్కలేదు. ముందు పెట్టెలో దిగి, చెట్టున చింతకాయ కోసికొని, వెనుక పెట్టెలో ఎక్కవచ్చునని చెప్పుకొనెడివారు. మేనత్తగారు చిన్నతనమున తండ్రిగారితో పర్లాకిమిడి పోయినప్పుడు బండి గట్టు ఎక్కలేక రొప్పుచుండగా, పొలములోని పిల్లలు దానితోపాటు పరుగెత్తుట చూచినారట. “ఆ గుంటలే గెలిసినారు” అని ఆమె నవ్విరి. ఒకప్పుడు ప్రపంచమునకెల్ల పొడుగైనదని పేరుపొందిన ప్లాట్‌ఫారము గల ఊరిలో కాపురముండియు ఆమెకు మనసులో నిలిచినది ఈ చిన్నబండియే.

2004లో ఆ చిన్నమార్గమున రాకపోకలు ఆగినవి. 2011లో గుణుపురము వరకు పెద్ద పట్టాలపై బండ్లు నడువసాగినవి. ప్రయాణీకులకిది మేలే. వేగమునకు వేగము, గుణుపురమువారికి దూరప్రాంతములతో నేరుగ సంబంధము. పాతదానికై కన్నీరు కార్చుట మా ఉద్దేశము కాదు. కాని నౌపడ స్టేషనులో నిలిచి, ఇక్కడ నూరేండ్లకు పైబడి యొక సంస్థానపు రైలు నడచినదని క్రొత్తవారికి తెలుపు గుర్తు ఏదైన ఉన్నదా యని మేనత్తగారు నలుదిక్కుల చూచిరి. ఆమె చూపునకు ఏదియు తగులలేదు.

మిట్టమధ్యాహ్నమునకు రవివలస చేరితిమి. ఆ వేళకే చేరవలెనని మేము తలంచితిమి. టెక్కలికి దగ్గరనున్న ఈ ఊరిలో మల్లికార్జునునికి గుడిపైకప్పు లేదు. 55 అడుగుల ఎత్తని చెప్పు మహాలింగము ఎండకు ఎండుచు, వానకు తడియుచు ఆకాశము క్రింద నిలిచియున్నది. అందుచేతనే ఆయన ఎండల మల్లన్న యైనాడు. స్థలపురాణమిది: రామరావణ యుద్ధానంతరము వానరవైద్యుడైన సుషేణుడు ఇక్కడి కొండపై తపస్సు చేయుచు దేహము చాలించెను. అతనిని చూడవచ్చిన హనుమంతుడు ఆ దేహముపై మల్లెపూలుంచి, జింకచర్మము కప్పిపోయెను. తరువాత రాముడు వచ్చి చర్మము తొలగించి చూడగా దేహము లేదు, లింగము ఉన్నది. మల్లికలును అజినమును కలిసినందున మల్లికాజినుడనియు, అదియే మల్లికార్జునుడైనదనియు చెప్పుదురు. వైద్యుని దేహమున్న చోటుగనుక ఇక్కడి గాలి రోగములను పోగొట్టునని నమ్మకము. కార్తికమాసమున జనము తండోపతండములుగా వత్తురు. కప్పు వేయించుటకు పెద్దలు పూనుకొనగా దేవుడు కలలో కనబడి వలదన్నాడని యొక కథయు కలదు.

కప్పులేని దేవుడు ఇతరత్ర లేడని కాదు. మహారాష్ట్రలో శని శింగణాపురమున శనిదేవుని శిలయు బయలుననే ఉన్నది. కాని రవివలసలోని తీరు వేరు. ఉప్పు చేయువానికి ఎండ కావలెను. చేప ఎండబెట్టువానికి ఎండ కావలెను. వరి నూర్చువానికి ఎండ కావలెను. ఎండతో బ్రతుకు జనము తమ దేవుని నీడకు పంపకపోవుటలో ఆశ్చర్యమేమి? మేనత్తగారు చీరకొంగు తలపై కప్పుకొని, కాలుతున్న నేలపై అడుగులు గబగబ వేయుచు ప్రదక్షిణము చేసిరి. “తనకి నీడ నేకపోతే నేదు, మనకైనా ఓ పందిరెయ్యొచ్చును” అనుట మాకు వినబడినది.

ఇక్కడ ఊరిపేరును గూర్చి యొక మాట. వలస యనగా నేటి వాడుకలో ఊరు విడిచిపోవుట. ఉత్తరాంధ్రమున ఊరిపేర్ల చివర వచ్చు వలసకు అర్థము అది కాదు. ఒకచోటినుండి వచ్చినవారు దిగి స్థిరపడిన చోటు వలస. రవివలస, చీపురుపల్లివైపు, పార్వతీపురమువైపు మరెన్నియో వలసలు. పోవుటయు, వచ్చి నిలుచుటయు ఈ సీమలో ఒకే మాట. సాయంకాలమున మేము చూచినదానిని గ్రహించుటకు ఈ మాట మాకు తోడ్పడినది.

తేలినీలాపురమునకు ప్రొద్దు వాలువేళకు చేరితిమి. ఊరిలోని చింతలు మొదలగు చెట్లమీద తెల్లని బట్టలు ఆరవేసినట్లు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు నిండియున్నవి. గూడబాతు చిన్న పక్షి కాదు. రెక్క విప్పినచో మనిషి నిలువుకంటె వెడల్పు. క్రింది ముక్కునకు వ్రేలాడు సంచిలో చేపలు నింపుకొని వచ్చి గూటిలో దిగునప్పుడు కొమ్మ ఊగును, పిల్లలు అరచును. ఆ అరుపుల నడుమ ఊరివారు పశువులను కట్టుకొనుచు, పొయ్యి రాజేయుచు తమ పని తాము చేసికొనుచున్నారు. ఆశ్వయుజమునాటికి ఈ పక్షులు వచ్చును. ఎండలు ముదిరిన పిమ్మట పిల్లలతో పోవును. అవి వచ్చిన యేడు పంట పండునని ఊరివారి నమ్మకము. వానిని ఎవరును కొట్టరు, గూళ్ళు చెరుపరు. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచులని చెప్పుకొందురు.

ఇవి సైబీరియానుండి వచ్చునని ఎల్లరు అందురు. బడిపిల్లలును అట్లే వల్లింతురు. పక్షిశాస్త్రము ఈ మాటను బలపరచదు. ఈ గూడబాతులు గుడ్లు పెట్టునది భారతదేశము, సింహళము, కాంబోడియా వంటి వెచ్చని దేశములలోనే. నెల్లూరు సీమలోని నేలపట్టునను ఇవియే. నీరును చేపలును ఉన్నచోటికి దేశములోనే తిరుగుచు, గూడు కట్టుటకు మాత్రము తమ చెట్టునకు వచ్చును. అనగా ఇవి పరదేశపు అతిథులు కావు. ఇక్కడి చెట్టుమీద కన్ను తెరచినవి, ఇక్కడికే తిరిగి వచ్చుచున్నవి. శాస్త్రజ్ఞులు చెప్పుచున్నదానిని ఊరి స్త్రీలు ఆడపడుచు అను ఒక్కమాటలో ఏనాడో చెప్పినారు. సైబీరియా కథ మనవంటి చదువుకొన్నవారు తెచ్చిపెట్టినది. దూరమునుండి వచ్చినదనిననే గాని మనకు గౌరవము కలుగదు.

పక్షులకు చెట్టు చాలదు, మేత కావలెను. ఆ మేత నౌపడ చుట్టునున్న తంపరలో దొరకును. కొండలనుండి దిగిన వాననీరును, సముద్రపు పోటునీరును కలిసి నిలుచు పల్లపు నేలను ఇక్కడ తంపర యందురు. సోంపేటవైపు అటువంటి నేలను బీల యందురు. పటములలోను, దస్త్రములలోను ఇట్టి నేల పలుమారు బంజరుగా వ్రాయబడును. దున్నరాదు, ఇల్లు కట్టరాదు, కనుక పనికిరానిదని లెక్క. ఆ పనికిరాని నేలలోనే జాలరి వల వేయును, ఉప్పు మడులకు నీరు వచ్చును, పశువు మేయును, గూడబాతు సంచి నింపుకొనును. ఈ తంపరలో కాకరాపల్లియొద్ద ఉష్ణవిద్యుత్కేంద్రము నిర్మింప తలపెట్టగా చుట్టుప్రక్కల ఊళ్ళవారు అడ్డుపడిరి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. అంతకు ముందటి యేడు, 2010 జులై 14న, సోంపేట బీలకొరకును అట్లే ప్రాణములు పోయినవి. బంజరుకొరకు ఎవరును ప్రాణము ఇయ్యరు. దస్త్రములోని మాట తప్పనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

పక్షులకును ఆపద రాకపోలేదు. 2022 ప్రారంభమున గూడబాతులు పెక్కు చెట్లక్రింద రాలి చనిపోగా, చేపలద్వారా కడుపున చేరిన పురుగులు కారణమని పశువైద్యులు చెప్పిరి. తీరమున 2023 ఏప్రిల్ 19న మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది. ఉద్దానపు పిల్లలు కూలికై దేశములు తిరుగకుండ ఇంటనే పని దొరకుట మేమును కోరుదుము. ఆ పనికి నేల కావలసినప్పుడు మొదట ఎవరి కన్నైనను తంపరమీదనే పడుననుటయే మా భయము.

చీకటి పడుచుండగా చివరి గూడబాతులు తంపరవైపునుండి వరుసగా వచ్చినవి. ఆ యింటి అరుగుమీద కూర్చున్న పెద్దామెతో మేనత్తగారికి అప్పటికే వరుసలు కలిసిపోయినవి. ఈయేడు ఏ గూటిలో ఎన్ని పిల్లలో, ఏ తల్లి ఆలస్యముగా వచ్చినదో ఆమె చెప్పుచున్నది, ఈమె వినుచున్నారు.

“నువ్వెప్పుడెల్తావప్పా?” అని పెద్దామె అడిగినది.

“సంకురాత్రెల్లగానే.”

“ఇవి సైత్రం వరకూ ఉంటాయి. అందాకా నువ్వూ ఉండు.”